మిగిలిపోయిన నెట్టు

ఆ రోజు ఇంట్లో ఉదయం పదింటి దాకా ఏం చేయాలో, పది దాటాక ఏం చేయకూడదో అమ్మ ముందురోజే తేల్చి చెప్పేసింది. పదింటికి కూతురికి ఆఫీసువాళ్ళతో వీడియో మీటింగు. ఆరు నెలలుగా కూతురు ఇంట్లోనే కూర్చుని, డాక్టర్లు చెప్పిన మాటలు చెవులకు తగిలించుకుని విని టైపు చేసే ఉద్యోగం చేస్తోంది. ఇప్పటిదాకా పనితీరు చూస్తామన్నారు. ఇవాళ ఆ ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇక చాలమ్మా అంటారో తేలిపోతుంది. కాబట్టి పది దాటాక మిక్సీ తిరగకూడదు, నీళ్ళ మోటారు మోగకూడదు, ఇంటాయన తుమ్మకూడదు.

"తుమ్మొస్తే ఏం చేయమంటావే?" అన్నాడు ఇంటాయన.

"వీధి చివరికెళ్ళి తుమ్మి రండి."

అమ్మ భయాలు చుట్టాలందరికీ తెలిసినవే. ఊరికి బయల్దేరితే గ్యాసు కట్టేశానా లేదా అని సందు మలుపు నుంచి మూడుసార్లు వెనక్కి వస్తుంది. ఫోను మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందని కుర్చీ పట్టుకుని మరీ ఎత్తుతుంది. తెల్లారగానే కుటుంబం గ్రూపులో ఒక హెచ్చరిక పెట్టందే టీ తాగదు. 'తెలియని లింకు నొక్కకండి.' 'ఛార్జింగులో ఉన్న ఫోనులో మాట్లాడకండి.' 'బహుమతి వచ్చిందంటే నమ్మకండి.' చుట్టాల పిల్లలు ఆవిడకు ఎర్రజెండా పిన్ని అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ పెద్దగా బాధపడలేదు. రైలును ఆపేది ఎర్రజెండాయే కదా అనుకుంది.

అలాంటి మనిషి ఇరవై రోజుల కింద ఒక పని చేసింది. ఆ పని కుట్టుమిషను సొరుగులో, పాత చీర ముక్కల కింద, ఛార్జరు తగిలించుకుని పడుకుని ఉంది.

దానికి మూలం చెల్లెలు. ఒక మధ్యాహ్నం ఫోను చేసి, "అక్కా, మీ నెట్టు నెలంతా మొత్తం వాడేస్తారా?" అని అడిగింది.

"వాడినంత వాడతాం. మిగిలింది మిగులుతుంది."

"మిగిలింది ఏం చేస్తావ్?"

"నెట్టును ఏం చేస్తారే? డబ్బాలో పోసి దాచుకుంటారా?"

"అదే చెప్తున్నా. మిగిలిందంతా పారబోస్తున్నావక్కా. ఒక యాప్ ఉంది. మనకు మిగిలిన నెట్టు అవసరమున్నవాళ్ళకు ఇస్తుంది, మనకు డబ్బులిస్తుంది. నువ్వు చేసేదేం లేదు. ఫోను ఛార్జింగుకు పెట్టి మర్చిపోవడమే!"

అమ్మ నలభై ప్రశ్నలు అడిగింది. బ్యాంకు నంబరు అడుగుతారా? లేదు. ఓటీపీ? లేదు. ముందు మనం ఏమైనా కట్టాలా? పైసా అక్కర్లేదు. ఇక భయపడదామంటే ఆవిడకు ఎక్కడా పట్టు దొరకలేదు. మోసగాళ్ళు తీసుకోవడానికి వస్తారని ఆవిడకు తెలుసు. ఇస్తామంటూ కూడా వస్తారని ఆవిడ చదివే పేపరులో ఎవరూ రాయలేదు. పైగా 'పారబోస్తున్నావ్' అన్న మాట గుండెలో గుచ్చుకుంది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా మొక్కలకు పోసే ఇల్లు అది.

ఇంకో సంగతి కూడా ఉంది. కూతురు రోజుకు తొమ్మిది గంటలు భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీలో, రెండు దిళ్ళు వేసుకుని కూర్చుంటోంది. లేచేటప్పుడల్లా నడుం పట్టుకుని లేస్తోంది. చక్రాలున్న మంచి కుర్చీ ఒకటి ఎవరికీ చెప్పకుండా తెచ్చి కూతురి ముందు పెట్టాలని అమ్మ కోరిక. అందుకే పాడైపోయిందని అందరికీ చెప్పిన తన పాత ఫోనులో ఆ యాప్ వేసుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంట్లోవాళ్ళు ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ మిగులుతుందని ఆవిడ లెక్క. ఇంటాయన ఫోనులో వీడియోలు చూస్తుంటే, "కళ్ళు పోతాయండీ, చాలించండి" అని లాక్కునేది. ముప్పై ఏళ్ళ కాపురంలో తన కళ్ళ గురించి భార్య ఇంతగా ఆలోచించడం చూసి ఆయన లోలోపల మురిసిపోయి, మాట్లాడకుండా ఫోను పక్కన పెట్టేవాడు.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు ఇంటాయన కరెంటు బిల్లు కట్టడానికి ఫోను పట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదయినా లేవలేదు.

"ఏమైందండీ?"

"నేను మనిషినో మిషనో తేల్చుకోమంటోంది. ఈ బొమ్మల్లో బస్సున్న బొమ్మలన్నీ నొక్కమంది, నొక్కాను. తప్పంటోంది. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ నొక్కాను. మళ్ళీ తప్పు!" ఆయన రిటైరైన బస్సు కండక్టరు. "ముప్పై మూడేళ్ళు బస్సులో నిలబడ్డానే! బస్సు ఏదో నాకు తెలియదా?"

"అద్దాలు తుడుచుకుని చూడండి."

"వెనక చక్రం ఒక్కటే కనిపిస్తే అది బస్సా కాదా? నువ్వు చెప్పు!"

ఇంతలో లోపల్నుంచి కూతురు పిలిచింది. గొంతులో తేడా పసిగట్టి అమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తింది. ఆఫీసు పేజీ తెరుచుకోవడం లేదు. అదీ బొమ్మలే ఇచ్చింది, తర్వాత ఎర్ర అక్షరాల్లో ఏదో రాసి మూసేసింది. వెంటనే ఫోను మోగింది. అవతల ఆఫీసులో భద్రత చూసే ఆఫీసరు. కూతురు "సార్... లేదు సార్... మా ఇంట్లోంచా?" అంటుంటే దాని మొహం పాలిపోవడం అమ్మ చూసింది.

"పది రోజులుగా మన ఇంటి నెట్టులోంచి ఎవరో ఎక్కడెక్కడి వెబ్‌సైట్లలోకో దూరాలని వేలసార్లు ప్రయత్నించారటమ్మా. పేషెంట్ల వివరాలుండే ఉద్యోగం కాబట్టి నన్ను ఆపేశారు. మీటింగు రెండింటికి జరిపారు. ఆలోగా కారణం చెప్పకపోతే..." మిగతాది కూతురు చెప్పలేదు.

అమ్మ కళ్ళ ముందు ఆ మిగతాదంతా కదిలింది. పోలీసు జీపు, సందులో జనం, పేపర్లో కూతురి ఫొటో. అయితే సొరుగు మాత్రం కనిపించలేదు. అది మిగిలిపోయిన నెట్టు కదా. ఈ గొడవ వాడే నెట్టులో. అందుకే ఆవిడ చూపు కిటికీలోంచి పైకి వెళ్ళే నల్ల వైరు మీద పడింది.

పై వాటాలో ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారికి, వీళ్ళకు కలిపి ఒకటే కనెక్షను. చెరిసగం బిల్లు కడతారు.

"ఆయనే! ఎప్పుడు చూసినా తలుపేసుకుని ఉంటారు. తలుపేసుకుని లెక్కలెవరు చేస్తారు?" అంటూ, కూతురు వద్దంటున్నా వినకుండా వైరు పీకేసింది.

రెండు నిమిషాల్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు. "ఏమ్మా, నెట్టు పోయింది! పదిమంది పిల్లలకు పాఠం చెప్తున్నాను!" అన్నారు మాస్టారు.

"పాఠాలే చెప్తున్నారా, పక్కవాళ్ళ తాళాలు తీస్తున్నారా?" అనేసింది అమ్మ.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "నలభై ఏళ్ళు సర్వీసు చేశానమ్మా. ఒక్క పిల్లాడి పెన్సిలు నా జేబులో లేదు. దొంగెవరో తేలేదాకా నేనిక్కడే కూర్చుంటాను." అని కూతురి కుర్చీలోనే కూర్చున్నారు, దిళ్ళ మీద.

ఇంటాయన నెట్టు బాగుచేసే కేబులాయనకు ఫోను చేశాడు. ఆయన నిచ్చెనతో వచ్చి, గోడకున్న నెట్టు డబ్బా చూసి, దాని వెనక దీపాలు చూసి, "ఏం ఆడుతోందండీ బాబూ ఇది! లోపలికొచ్చే దానికంటే మీ ఇంట్లోంచి బయటికెళ్ళేదే ఎక్కువుంది. ఏదైనా నెట్టు పంచే యాప్ వేశారా?" అన్నాడు.

అమ్మ చూపు కుట్టుమిషను వైపు వెళ్ళింది.

"నెట్టు పంచడమంటే?" అన్నారు మాస్టారు.

"మిగిలిన నెట్టు అమ్ముకోండని చెప్తారు సార్. వాళ్ళకు కావలసింది నెట్టు కాదు, మీ అడ్రసు. ఎవడో మీ ఇంట్లోకొచ్చి, మీ గుమ్మంలోంచి బయటికెళ్ళి, ఊళ్ళోవాళ్ళ కిటికీల మీద రాళ్ళేశాడనుకోండి. చూసినవాళ్ళు ఏమంటారు? ఆ ఇంటివాళ్ళే అంటారు. ఇక మీరెక్కడికెళ్ళినా మనిషేనా, మిషనా అని బొమ్మలు పెట్టి అడుగుతారు. చూస్తూ కూర్చుంటే డబ్బులొస్తాయని ఎవరన్నా చెప్తే, మనల్ని చూస్తూ కూర్చున్నవాడు ఎవడో ఉన్నాడని లెక్క."

అమ్మ మెల్లగా వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. సొరుగు మీద మోకాలు ఆనించింది. లోపల ఫోను ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. ఎవరూ చూడనప్పుడు తీసేద్దామంటే అందరూ ఇటే చూస్తున్నారు. చేతికందిన దిండు గలీబు మిషను కింద పెట్టి కుట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు కుట్టాలా అది?" అన్నాడు ఇంటాయన.

"చిరిగిందండీ."

కేబులాయన తన ఫోనులో ఏదో తెరిచాడు. "మీ డబ్బాకు ఏవేవి తగులుకున్నాయో చదువుతాను, తేడా ఉంటే చెప్పండి. మొదటిది అమ్మాయిగారి ల్యాప్‌టాప్. రెండోది సార్ ఫోను. మూడోది పైన మాస్టారిది, ఇందాకటి దాకా ఉంది. నాలుగోది అమ్మగారి కొత్త ఫోను. ఐదోది..." ఆగాడు. "ఇదేం పేరండీ?"

"చదవవయ్యా" అన్నారు మాస్టారు.

"'ఇది అమ్మది, దొంగిలించొద్దు.'"

మిషను ఆగింది. ఐదేళ్ళ కింద ఆ ఫోను కొన్నరోజు, బస్సులో ఎవరైనా కొట్టేస్తారని భయపడి ఆ పేరు కూతురిచేత పెట్టించింది ఆవిడే. ఇంట్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

"అది పాడైపోయిందన్నావ్ కదమ్మా?" అంది కూతురు.

అమ్మ మోకాలు తీసేసింది. సొరుగు తెరిచి, చీర ముక్కల కిందనుంచి ఫోను తీసి, వైరుతో సహా బల్ల మీద పెట్టింది. తలెత్తలేదు. ఒళ్ళోని గలీబు నాలుగు వైపులా కుట్టేసి ఉంది.

"ఎందుకమ్మా?"

కూతురు అరిచినా బాగుండేది. అంత నెమ్మదిగా అడిగింది. అమ్మ వేలితో మాస్టారు కూర్చున్న కుర్చీ వైపు చూపించింది. "చక్రాల కుర్చీ... కొందామని. నీ నడుం..."

మాస్టారు గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎంతొచ్చింది?" అన్నాడు కేబులాయన, ఆసక్తి కొద్దీ.

"ఆ కుర్చీకి ఒక మేకు కూడా రాదు" అంది అమ్మ.

ఇంటాయన తన ఫోను వైపు చూసుకున్నాడు. "అయితే నా కళ్ళ కోసం కాదన్నమాట" అన్నాడు. ఆ మాట మిగతా వాటన్నిటికంటే లోతుగా దిగింది.

మాస్టారి ముందుకెళ్ళి అమ్మ చేతులు జోడించింది. "తప్పయిపోయింది మాస్టారూ. దొంగను ఇంట్లో పెట్టుకుని మిమ్మల్ని..."

"ఆ సంగతి తర్వాతమ్మా. ముందు రెండింటి సంగతి చూడు. జరిగింది జరిగినట్టు రాయి. ఒక్క మెట్టు కూడా వదలకు" అంటూ ఆయనే కాగితం, పెన్ను తెచ్చి ఇచ్చారు.

అమ్మ రాసింది. ఎవరో చెబితే నమ్మానని రాసింది. చెల్లెలి పేరు రాయడానికి చేయి రాలేదు. ఊరంతటికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని నా ఇంటి తలుపు నేనే తీసి పెట్టానని, మిగిలిందే ఇస్తున్నాననుకున్నానని, నా కూతురికి ఇందులో ఏ పాపమూ తెలియదని రాసింది. మాస్టారు చదివి అలవాటుకొద్దీ అడుగున గీత గీసి, నిజాయితీకి పదికి పది, దస్తూరికి నాలుగు వేశారు.

రెండింటికి ఆ ఉత్తరాన్ని ఆఫీసువాళ్ళ ముందు ఆవిడే చదవాల్సి వచ్చింది. తెర మీద ఆరుగురున్నారు. ఒక్కో వాక్యానికీ చెమట తుడుచుకుంటూ, ఆఫీసరు మొహం చూడలేక కింద కనిపిస్తున్న తన మొహాన్నే చూస్తూ చదివింది. దానికంటే ఆయన మొహమే నయమనిపించింది. చదవడం అయింది. ఇంటాయనకు అప్పుడే తుమ్మొచ్చింది.

"ఆ ఫోను పూర్తిగా తీసేశారా?" అన్నాడు ఆఫీసరు.

"ఇంట్లోంచే తీసేశామండి. మాస్టారి దగ్గరుంది."

ఉద్యోగం ఖాయమైంది. అయితే ఆ ఉత్తరాన్ని పేరు తీసేసి మిగతా ఉద్యోగులకు పాఠంగా పంపించుకోవచ్చా అని ఆఫీసరు అడిగాడు. కాదనే మొహం ఆవిడకు లేదు.

ఆ తర్వాత వారం రోజులు కుటుంబం గ్రూపులో హెచ్చరికలు రాలేదు. ఎర్రజెండా పిన్నికి ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు ముగ్గురు ఫోను కూడా చేశారు. ఎనిమిదో రోజు తెల్లారగానే గ్రూపులో చెల్లెలి పోస్టు వచ్చింది. 'ఒక తల్లి ఉత్తరం. తప్పక చదవండి, పదిమందికి పంపండి.' అమ్మ చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలకే తెలిసిపోయింది. 'ఊరంతటికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని...' ఆ ఉద్యోగుల నుంచి వాళ్ళ ఇళ్ళకు, ఆ ఇళ్ళనుంచి ఎన్ని ఫోన్లు దాటి వచ్చిందో మరి. కింద చెల్లెలు సొంతంగా రాసింది: 'అక్కా, ఆ యాప్ నేను తీసేశాను, నువ్వూ తీసెయ్. పాపం ఈవిడెవరో మరీ అమాయకురాలు. ఎవరో చెబితే నమ్మేసిందట!'

అమ్మ 'అవునే పాపం' అని రాసి, చెరిపేసింది. ఒకసారి తలుపు వైపు, ఒకసారి దిళ్ళ కుర్చీ వైపు చూసింది. తర్వాత అందరూ చూసే ఆ గ్రూపులోనే రాసింది: 'ఆవిడ నేనే.'

వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి, పదకొండు. చివర చెల్లెలు రాసింది: 'జోకులు బాగానే వేస్తున్నావక్కా, అలాంటి పని నువ్వెందుకు చేస్తావ్!'

ఇన్నేళ్ళలో ఆవిడ చెప్పినవాటిలో కచ్చితంగా జరిగినది అదొక్కటే, దాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు.