కొండెక్కిన రాజుగారి వాచీ

ఒక పెద్ద అడవిలో, పెద్దదని అక్కడివాళ్ళు చెప్పుకోవడమే గానీ వేసవొస్తే ఒక్క మడుగే మిగిలే అడవిలో, కంఠీరవయ్యగారనే సింహం రాజ్యమేలేవారు. ఆయనకి వాచీల పిచ్చి.

మామూలు వాచీలు కావు. ఒకదాంట్లో చంద్రుడు పెరుగుతూ తరుగుతూ ఉండేవాడు. ఇంకోటి లీపు సంవత్సరాన్ని కూడా మర్చిపోకుండా చూపించేది. ఏ వేటగాళ్ళ బంగళాల నుంచి తెచ్చేవాడో గానీ అన్నీ నక్క సన్యాసిరావే తెచ్చేవాడు. అందుకు రాజుగారి ప్రతి వేటలోనూ వాడికో తొడ వాటా. ఆ వాచీలొచ్చాక కొలువులో ఆకాశం వంక తలెత్తి చూసినవాడు లేడు.

ఆ వేసవిలో సన్యాసిరావు అన్నిటికంటే గొప్పదాన్ని తెచ్చాడు.

"ప్రభూ, లోకంలో ఇలాంటివి మూడే ఉన్నాయి. ఒకటి సముద్రంలో పడిపోయింది. రెండోది ఎవరి దగ్గరుందో వాళ్ళు చెప్పరు. ఇది పావుగంటకోసారి గంట కొడుతుంది. కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి ఆడుతుంటే చాలు, అదే నడుస్తుంది."

"పక్క అడవి పులి దగ్గరుందా?"

"ఆయన దగ్గరా? పాపం, ఇప్పటికీ సూర్యుణ్ణి చూసే లేస్తాడు ప్రభూ."

ఇంకేం కావాలి. అది కుడి ముంజేతికెక్కింది. మర్నాడే చాటింపు వేయించారు. ఇకనుంచి అడవంతటికీ రాజుగారి టైమే టైం. లేళ్ళు నీళ్ళు తాగాల్సింది నాలుగింటికి, రాజుగారి వేట ఆరింటికి. మడుగు దగ్గర ఎలుగుబంటి అప్పలస్వామిని కాపలా పెట్టారు. రాజుగారు పక్కనే బండ నీడలో పడుకుని, అందరికీ కనబడేట్టు కుడి చెయ్యి చాపుకునేవారు. గీత పడుతుందన్న భయంతో మెలకువగా ఉన్నా ఆ చెయ్యి కదిపేవారు కాదు.

కదపని చేతికి ఆ వాచీ ఏం నడుస్తుంది? ఒక మధ్యాహ్నం నాలుగుకి కాస్త ఇవతలే ఆగిపోయింది.

లేడి పైడమ్మ బిడ్డని వెంటేసుకుని వచ్చి గట్టున నిలబడింది. ఎండ వాలింది. బిడ్డ నాలుక పిడచ కట్టుకుపోయింది.

"అప్పలస్వామి బాబూ, నాలుగింకా అవలేదా?"

"అవలేదమ్మా. నువ్వే చూడు."

"ముల్లు ఇందాకా అక్కడే ఉంది కదా బాబూ. రాజుగారి టైం ఆగిపోయినట్టుంది."

అప్పలస్వామి గబుక్కున చెవులు మూసుకున్నాడు. సన్యాసిరావు ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు.

"ఏంటే కూశావు? నిక్షేపంలాంటి ప్రభువుల టైం ఆగిపోయిందంటావా? రేపు రాజుగారి టైం బాగోలేదని కూడా అంటావు. ఇంకోసారి ఆ మాటంటే నీకు ఈ మడుగులో చుక్క పుట్టదు."

"ఆ చెయ్యి ఒక్కసారి కదిపితే చాలు బాబూ."

"నిద్రపోయే సింహం చెయ్యి పట్టుకుని ఊపుతావా? ఊపు మరి, ఎవరొద్దన్నారు."

పైడమ్మకి ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. ఎదురుగా నీళ్ళు. పొద్దు గుంకుతున్నా లెక్క ప్రకారం ఇంకా నాలుగవలేదు. బిడ్డ మోకాళ్ళ మీద కూలబడింది.

ఇంతలో రాజుగారు ఆకలికి లేచారు. "వేటకి వేళయిందా?"

"ఇంకా నాలుగే అవలేదు ప్రభూ," అన్నాడు అప్పలస్వామి.

"కడుపు కాలిపోతోందయ్యా."

"కడుపూ తమదే, టైమూ తమదే. మేమేం చెప్పగలం."

పైడమ్మ ఇక ఆగలేకపోయింది. ఆగిపోయింది అనకూడదు, సరే. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఆమె కూడా ఆ మర్యాదే పాటించింది.

"ప్రభూ, తమరి వాచీ కొండెక్కింది."

అందులో తప్పు పట్టడానికి సన్యాసిరావుకి ఏమీ దొరకలేదు. కంఠీరవయ్యగారికి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఏదీ అయిపోయిందని గానీ, ఆరిపోయిందని గానీ ఎవరూ చెప్పి ఎరగరు. ఆ మాట ఆయనకి కొత్త.

"ఏ కొండ? ఎవడెక్కించాడు దాన్ని?" అంటూ, చేతికేముందో కూడా చూసుకోకుండా, ఎదురుగా ఉన్న కొండ మీదికి ఒకటే పరుగు.

ఆ ఊపుకి వాచీ లేచి కూర్చుంది. రాజుగారు సగం కొండెక్కేసరికి గంట ఖంగున మోగింది.

"నాలుగు," అని అప్పలస్వామి దారి ఇచ్చాడు. బిడ్డ మూతి నీళ్ళలో పెట్టింది. పైడమ్మ వెంటనే తాగలేదు, బిడ్డ తాగుతుంటే చూస్తూ నిలబడింది.

రాజుగారు వాచీ కోసం కొండంతా గాలించారు. గాలించిన కొద్దీ అది నడిచింది, నడిచిన కొద్దీ మోగింది. ఆరు కొట్టాక వేటకి దిగితే, గంట వినబడినంత మేర ఒక్క ప్రాణి మిగల్లేదు. పైడమ్మా బిడ్డా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆ మోత విని పారిపోకుండా ఎదురొచ్చింది ఒక్కడే.

"ఆహా, ఏం నాదం ప్రభూ. అన్నట్టు, ఎడమ కాలికి ఇంకోటి చూసిపెట్టాను," అన్నాడు సన్యాసిరావు చేతులు నలుపుకుంటూ.

కంఠీరవయ్యగారికి అప్పటికే ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. ఆ పూట వేటలో తొడ ఎవరికీ పంచాల్సిన పని పడలేదు.

నీతి: రాజుగారి టైం ఎప్పుడూ బాగానే ఉంటుంది, పక్కనున్నవాళ్ళదే చెప్పలేం.