అక్టోబరులో రావలసిన మలేరియా

చదువు పరమార్థం జ్ఞానమని లుఖేలి ప్రాథమిక పాఠశాలలో ఎవరూ ఏనాడూ పొరబడలేదు. చదువు పరమార్థం సగటు. ప్రాథమిక చదువు ముగిసే ఎనిమిదో తరగతి పరీక్ష రాసినవాళ్ళ మార్కులన్నీ కూడి, తలల లెక్కన భాగిస్తే వచ్చేది. నిరుడు అది ఐదొందలకు రెండువందల ముప్పై ఒకటి. పక్కూరు సిబాలే బడికి రెండువందల అరవై వచ్చింది. వాళ్ళు మేకను కోసుకుని, డప్పులతో లుఖేలి గేటు ముందునుంచే ఊరేగారు (రెండుసార్లు. దారి తప్పామన్నారు).

ఆఖరి ర్యాంకును తీసేస్తే సగటు పెరుగుతుందన్న సత్యాన్ని హెడ్‌మాస్టరు సిమియు రెండేళ్ళ కిందటే కనిపెట్టారు. అందుకే నెలిమా ఎనిమిదో తరగతి మూడోసారి చదువుతోంది. ఏటా ఫిబ్రవరిలో, పరీక్షకు పేర్ల నమోదు వేళకు, ఆమెకు 'పునాది బలోపేత సెలవు' మంజూరవుతుంది. సెలవంటే బడికి రావాలి, ఏటి నుంచి నీళ్ళు మోయాలి, శుక్రవారం తరగతి గదులు పేడతో అలకాలి, పరీక్ష మాత్రం రాయకూడదు. అలకడంలో ఆమెను మించినవాళ్ళు లేరు (ఆ సబ్జెక్టు పరీక్షలో లేదు). ఈసారి వాళ్ళమ్మ తెగేసి చెప్పింది: "ఈ ఏడూ రాయకపోతే చెరకు నరకడానికి పోదువుగాని!"

"నువ్వొక్క అడుగు వెనక్కేస్తే బడి ముందుకెళ్తుందమ్మా," అన్నారు సిమియు ఈ ఫిబ్రవరిలోనూ.

"నిరుడూ ఇదే అన్నారు సార్. ఎంతదూరం వెళ్ళింది?"

"నాలుగు మార్కులు."

"రెండేళ్ళకా? ఏటికెళ్ళొచ్చే నా నడకే నయం సార్."

ఆయన వినలేదు. నెలిమాను తీసేశాక ఆఖర్న ఇంకొకరు మిగిలారు. వాళ్ళకూ సెలవిచ్చారు. ఆ తర్వాతా ఆఖర్న ఎవరో ఒకరు మిగులుతూనే ఉన్నారు (ఈ దేశపు పిల్లల్లో ఇదొక లోపం). నెల తిరిగేసరికి ముప్పై ఎనిమిదిమంది కాస్తా తొమ్మిదిమందయ్యారు. నమూనా పరీక్ష సగటు మూడువందల తొంభై ఒకటికి చేరింది. సిమియు ఆ అంకెను బోర్డు మీద రాసి, తుడవొద్దని పక్కన రాశారు.

నమోదు ఆఖరి రోజున సగటు పర్యవేక్షణ ఉపాధికారి మకోఖా మోటారుసైకిలు మీద వచ్చారు.

"తొమ్మిదిమందేనా? పదిమంది లేనిదే ఇక్కడ పరీక్ష కేంద్రం ఉండదు మాస్టారూ. మీ పిల్లలు సిబాలేలో రాస్తారు. మార్కులు వాళ్ళ సగటులో కలుస్తాయి."

"వాళ్ళ సగటులోనా!"

"నిబంధన. నాలుగింటికి నమోదు ఆఖరు."

అప్పటికి మూడున్నర. సెలవు పొందినవాళ్ళలో కొందరు పశువుల వెంట, కొందరు సంతలో ఉన్నారు. వాళ్ళలో బడిలో ఉన్నది ఒక్కతే, మోచేతుల దాకా పేడతో.

"నెలిమా తల్లీ! రా, కూర్చో."

"కూర్చుంటే పేడ ఎండిపోతుంది సార్."

"ఎండనీ అమ్మా! నువ్వు పరీక్ష రాస్తున్నావు."

నెలిమా కళ్ళు తుడుచుకోబోయి చేతులు చూసుకుని ఆగింది. ఫారం మీద ఆమె పెట్టిన వేలిముద్ర పచ్చగా పడింది. మకోఖా దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెళ్ళిపోయారు.

సిమియు తలుపు దగ్గరగా వేశారు.

"పేరు ఎక్కింది, అది చాలు. ఇక అక్టోబరు ఆఖరి వారం, పరీక్ష జరిగే మంగళ, బుధ, గురువారాల్లో నీకు మలేరియా."

"నాకా? అప్పుడే ఎలా తెలుసు సార్?"

"గైర్హాజరైనవాళ్ళను సగటులో కలపరమ్మా. అందుకని."

ఇంత కోపం తనలో ఉందని నెలిమాకే తెలియదు.

"మూడేళ్ళలో ఒక్కరోజు బడి మానలేదు సార్. ఒళ్ళు కాలిపోతున్న రోజు కూడా వచ్చి అలికాను. పరీక్షకూ వస్తా. జ్వరం రాదు, నేను రానివ్వను."

సిమియు హాజరుపట్టీ తెప్పించి చూశారు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆయన నిట్టూర్చి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. సోమవారం బడిలో పంచబోయే దోమతెరల జాబితా అది. అందులో ఒక పేరు కొట్టేశారు.