కాలు కదిలితేనే పని

ఒక పెద్ద అడవిలో దున్నపోతులే లారీలు. డ్రైవర్లూ అవే, క్లీనర్లూ అవే. దిగువనున్న ఉప్పుచెరువు దగ్గర ఉప్పురాళ్లు వీపుల మీదికి ఎత్తుకుని, ఏడు మలుపుల ఘాటీ ఎక్కి, కొండమీద దించి రావడం వాటి పని. వానాకాలమంతా అడవికి ఆ ఉప్పే ఆధారం. నాకడానికి ఉప్పు లేకపోతే జింకలు నీరసపడతాయి, ఏనుగులకు తిన్నది అరగదు, మంత్రులకు కోపాలొస్తాయి.

పోయిన ఏడాది సిద్ధయ్య అనే దున్నపోతు రెండు రోజులు నిద్రలేకుండా నడిచి, ఐదో మలుపులో కునుకు పట్టి లోయలో పడిపోయాడు. అడవంతా అయ్యో అంది. సింహరాజు సభ పెట్టి చట్టం చేశాడు. రోజుకు పది గంటలకు మించి ఎవరూ పని చేయకూడదు. పది నిండాక ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుంటే గాని మళ్లీ బరువెత్తకూడదు.

లెక్క వేసే ఉద్యోగం వడ్రంగిపిట్ట వజ్రమ్మకు ఇచ్చారు. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క మద్దిచెట్టు. పని చేసిన గంటకొక పొడుపు. తొలకరి రోజున ఎవరి చెట్టు మీద ఎన్ని పొడుపులుంటే వాళ్లకు అంత ఉప్పు వాటా.

చట్టం మంచిదే. కానీ మంచి చట్టం పుట్టిన మర్నాడే దానికి వివరణ రాసేవాడు కూడా పుడతాడు. ఆ అడవిలో అతని పేరు నక్క నీలాద్రి, రవాణా అధికారి.

"ప్రభూ, చట్టం జోలికి నేను పోను. పని అంటే ఏమిటో చిన్న వివరణ ఇస్తానంతే. ట్రిప్పులు పెరుగుతాయి. దున్నపోతుల పొడుపులు తగ్గుతాయి. మిగిలిన ఉప్పు సభవారికి," అన్నాడు నీలాద్రి.

సింహరాజు ఆవులించి, "ఇవ్వు," అన్నాడు.

మోదుగాకు మీద సర్క్యులర్ వచ్చింది. "పని అనగా కాలు ముందుకు కదులుట. కాలు కదలని సమయమంతా విశ్రాంతి. ఇది అడవిలో అందరికీ వర్తించును." ఆఖరి వాక్యం నీలాద్రి ముచ్చటపడి రాసుకున్నాడు. అది ఉంటే సర్క్యులర్‌కు ఒక నిండుదనం వస్తుందని ఆయన నమ్మకం.

ఉప్పుచెరువు దగ్గర లోడు ఎత్తేది ఎలుగుబంటి భీమారావు. అతను రాయిని తిప్పి చూస్తాడు, వాసన చూస్తాడు, నాకి చూస్తాడు, తేనె తాగొస్తానని వెళ్లి పడుకుంటాడు. లైన్లో దున్నపోతులు ఏడెనిమిది గంటలు నిలబడాల్సిందే. కూర్చుంటే వెనకవాడు ముందుకొచ్చేస్తాడు.

సిద్ధయ్య తమ్ముడు పోలయ్య సర్క్యులర్ పట్టుకుని నీలాద్రి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, ఎండలో లైన్లో నిలబడటం కూడా విశ్రాంతేనా?"

"కాలు కదిలిందా?"

"లేదండీ."

"మరింకేం! హాయిగా నిలబడి నిద్రపో. మీ జాతికి అలవాటేగా?"

"అది గుర్రాలకండీ."

"నేర్చుకో," అన్నాడు నీలాద్రి.

పోలయ్య వెనక్కి వచ్చి లైన్లో నిలబడ్డాడు. ఇంట్లో తన దూడలు ముగ్గురు, అన్న దూడలు ఇద్దరు. ఉప్పు వాటా రాకపోతే ఆ ఐదుగురికీ వానాకాలం గడవదు.

ఒకరోజు రాత్రంతా నడిచి తెల్లవారేసరికి చెరువు చేరాడు. లైన్లో నిలబడ్డాడు. ఎనిమిది గంటలు గడిచాక భీమారావు ఆఖరి రాయి వీపున పెట్టి, "విశ్రాంతి పూర్తయింది, బయల్దేరు," అన్నాడు.

ఐదో మలుపులో పోలయ్య కళ్లు మూతలు పడ్డాయి. ముందుకాలు గాలిలో పడింది. ఎలా వెనక్కి లాగాడో అతనికే తెలియదు. కాలి కింది నుంచి జారిన రాయి లోయలోకి పోయింది. అది అడుగున పడ్డ చప్పుడు కూడా వినపడలేదు. పోలయ్య లోయ అంచు నుంచి వెనక్కి జరిగి కొండకు ఆనుకున్నాడు. భయం తగ్గాక కోపం వచ్చింది. కోపం తగ్గాక ఆలోచన వచ్చింది.

కొండ దిగి తిన్నగా వజ్రమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఈ సర్క్యులర్ ప్రకారమే అందరికీ పొడుస్తున్నావా?"

"అందరికీ అని రాశారుగా తమ్ముడూ. నేను రాసింది రాసినట్టు పొడిచేదాన్ని. సొంత తెలివి వాడితే ఉద్యోగం ఊడుతుంది."

"సభవారికి కూడానా?"

"వాళ్లకూ చెట్లున్నాయి. పొడిచే అవసరమే రావట్లేదు," అంది వజ్రమ్మ అమాయకంగా.

ఆ ఏడాదిలో పోలయ్య మొదటిసారి నవ్వాడు. "అలాగే కానివ్వు. పంపకం రోజున అందరి చెట్లూ వరసగా చదువు. ఎవరినీ వదిలెయ్యకు," అన్నాడు.

తొలకరి పడింది. కొండమీద సభ నిండింది. సింహరాజు బండమీద కూర్చున్నాడు. ఏనుగు మంత్రి, నెమలి మంత్రి చెరోపక్క కూర్చున్నారు. నీలాద్రి ముందు వరసలో కూర్చుని తోక సర్దుకున్నాడు. ఎదురుగా ఉప్పు గుట్ట.

వజ్రమ్మ దున్నపోతుల చెట్లు చదివింది. ఒక్కొక్కరికి పడ్డ కష్టంలో సగం పొడుపులు కూడా లేవు. మంత్రులు ఉప్పు గుట్ట వంక చూసి గుటకలు మింగారు.

"ఇక లేద్దామా?" అన్నాడు నీలాద్రి.

"ఇంకా సభవారి చెట్లున్నాయండీ. అందరివీ వినాలని మాకూ ఉంటుంది గదా," అన్నాడు పోలయ్య వినయంగా.

"చదవనీ. మా కష్టం కూడా వీళ్లకు తెలియాలి," అన్నాడు సింహరాజు.

వజ్రమ్మ గొంతు సవరించుకుంది. "ఏనుగు మంత్రిగారు, సున్నా. నెమలి మంత్రిగారు పురివిప్పి ఆడారు గాని అడుగు ముందుకు పడలేదు, సున్నా. నీలాద్రిగారు, సర్క్యులర్ ఇవ్వడానికి వచ్చిన దారి, ఒక గంట. మహారాజుగారు..."

"చెప్పు," అన్నాడు సింహరాజు.

"ఒకసారి చీమ కుట్టి లేచారు ప్రభూ. మూడడుగులు. గంట నిండలేదు."



"మేం ఏడాదంతా పని చేయలేదా?" గర్జించాడు సింహరాజు. "తెల్లారిందగ్గర్నుంచీ ఈ బండమీదే కూర్చుంటున్నాం! ఎవరెప్పుడు ఏ గోడుతో వస్తారోనని ఎదురుచూస్తున్నాం! నడుం పట్టేసింది! అది పని కాదా?"

"కాలు కదల్లేదు ప్రభూ," అంది వజ్రమ్మ. "ఏడాదంతా విశ్రాంతే. పొడుపు లేనివారికి మిగిలిన ఉప్పులో కూడా వాటా లేదు."

సింహరాజు నీలాద్రి వైపు చూశాడు. నీలాద్రి గబగబా కొత్త మోదుగాకు తీశాడు. "ఇప్పుడే సవరిస్తాను ప్రభూ. పని కోసం రాజుగారు కూర్చున్న సమయం కూడా పనే అని రాస్తాను."

"రాజుగారొక్కరే అని రాస్తే ఏనుగుగారికి ఉప్పుండదండీ, పాపం," అన్నాడు పోలయ్య.

"అందరూ అని రాయవయ్యా!" అని ఏనుగు ఘీంకరించింది. నెమలి కూడా గొంతు కలిపింది.

నీలాద్రి రాశాడు. "పని కోసం కూర్చున్నా, నిలబడినా, ఎదురుచూసినా పనియే. ఇది అడవిలో అందరికీ, గడచిన ఏడాదికి కూడా వర్తించును." ఆ ఏడాది లైన్ల దగ్గర నిలబడ్డ గంటలన్నీ దున్నపోతుల చెట్ల మీద పొడిచేసరికి వజ్రమ్మ ముక్కు వాచిపోయింది. ఐదుగురు దూడలకూ సరిపడా ఉప్పు పోలయ్య ఇంటికి చేరింది. సిద్ధయ్య పేరు మాత్రం సభలో ఒక్కరూ ఎత్తలేదు.

మర్నాడు లైన్లో పది గంటలు నిలబెట్టేసరికి దున్నపోతులన్నీ పని ముగిసిందని చెరువుగట్టున వాలాయి. ఉప్పు కదల్లేదు. కొండమీద నుంచి గర్జన వినపడింది. ఆ తరువాత భీమారావు గంటలో లోడు ఎత్తడం నేర్చుకున్నాడు. తేనె నిలబడే తాగుతున్నాడు.

పోలయ్య మాత్రం ఆ సాయంత్రం నాలుగు కాళ్లూ చాపుకుని, ఎవరూ లేపకుండా, ఎనిమిది గంటలు పడుకున్నాడు.

నీతి: కిందివాడు నిలబడటం పని అని తేలాలంటే, పైవాడి కూర్చోవడానికి ముప్పు రావాలి.