మాదాపూర్ మంచు జింకలు

మాదాపూర్‌లో కొత్త రన్‌వే సిద్ధమైందని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. విమానాలు మాత్రం రావు.

ఎక్కడో ఉత్తరాన, మంచులో కూరుకుపోయిన దేశంలో, వారానికొక చిన్న విమానం దిగే ఊరుంది. ఆ విమానాశ్రయాన్ని ఆధునికీకరించే కాంట్రాక్టు 1999లో మన హైటెక్ సిటీ కంపెనీ ఒకదానికి దక్కింది. రన్‌వే మీదికి మంచు జింకలు వస్తే కంప్యూటర్ పసిగట్టి పైలట్‌ను హెచ్చరించాలి. పరీక్షల కోసం కంపెనీ వెనక, ఖాజాగూడ వైపు రాళ్ల మధ్య నమూనా రన్‌వే వేసి, బారులు తీరిన దీపాలూ కెమెరాలూ పెట్టారు. మంచు దొరకలేదు గనుక సున్నం చల్లారు. జింకలే కొరత.

ఆ కొరత కొమురమ్మ తీర్చింది. కంపెనీలో నేల తుడిచే కొమురమ్మ, తోటి ఆడవాళ్లతో కలిసి చీకటి పడ్డాక ఖాజాగూడలోని ఇంటికి నడిచి వెళ్తుంది. దారిలో ఒక్క వీధిదీపం లేదు. ఆ వానాకాలంలోనే కూతురు జ్యోతి ఆ చీకట్లో రాళ్లలో పడి కాలు విరగ్గొట్టుకుంది. అందుకే దీపాలు వెలిగిన మొదటి సాయంత్రమే అందరూ రన్‌వే మీద నడిచారు. కంప్యూటర్ జింకల మంద వచ్చిందని ప్రకటించింది. ప్రాజెక్టు మేనేజరు కామేశ్వరరావుగారు పరమానందభరితులయ్యారు.

“రోజూ ఇలాగే నడవండమ్మా,” అన్నారు.

“నాలుగు కాళ్ల మీద నడువాల్నా సారూ? ఎట్లనో జర మీరే చూపియ్యుండ్రి,” అంది కొమురమ్మ.

“అక్కర్లేదమ్మా. కంప్యూటర్‌కి ఆ తేడా తెలీదు.”

“గట్లయితే మంచిదే. మరి పరీక్షలయినంక ఈ దీపాలు ఉంచుతరా?”

ఆయన దేశ ప్రగతి గురించి చాలాసేపు మాట్లాడారు.

పరీక్షలు దిగ్విజయంగా ముగిశాయి. కంప్యూటర్ లెక్కలు, జింకల మందతో సహా, ఆ మంచు దేశానికి వెళ్లాయి. అప్పుడు అక్కడి నుంచి ఫ్యాక్స్ వచ్చింది. పరీక్షకు వాడిన జంతువులకు వెలుతురు అలవాటై ఉంటుంది, హఠాత్తుగా తీసేస్తే బెదురుతాయి, అందుకు తమ చట్టం ఒప్పుకోదు, ఆ దీపాలు వాటికే వదిలేసి తమకు వేరేవి పంపాలి అని. ఆ సాయంత్రం కొమురమ్మ చేతికర్రతో జ్యోతిని కూడా నడిపించింది.

అయితే కామేశ్వరరావుగారు సత్యసంధులు. పైగా వేరే దీపాలంటే ఖర్చు. అవి జంతువులు కావు, మనుషులేనని వెంటనే జవాబిచ్చారు. ఆ దేశంవారు క్షమాపణ చెప్పుకుని అభ్యంతరం ఉపసంహరించుకున్నారు. దీపాలు పెట్టెల్లోకి చేరాయి.

“నిజం జెప్పేతందుకు మీకు గీ రోజే దొరికిందా సారూ?” అంది కొమురమ్మ.

కామేశ్వరరావుగారికి ఘనంగా సన్మానం జరిగింది. మనమంతా వెళ్లాం, చప్పట్లు కూడా బాగానే కొట్టాం. తిరిగొస్తుంటే ఖాజాగూడ దగ్గర చీకట్లో, కారుకు అడ్డంగా ఏవో కదిలాయి. హారన్ కొట్టాం.