నూగు జల్లెడలో స్విట్జర్లాండు

ఆ మంగళవారం ఉదయం ఇదలీనా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడింటికి నేలమాళిగలోని ఉతుకుగదిలో బట్టలు వేయాలి. పదకొండున్నరకల్లా ఆరబెట్టి మడతలు పెట్టాలి. ఇంత తిని, మంచి గౌను వేసుకుని, రెండింటికి ఊరి ఆఫీసులో పౌరసత్వ పరీక్షకు కూర్చోవాలి.

ఆమె పోర్చుగల్ నుంచి వచ్చి ఇరవై మూడేళ్ళయింది. ఊరంతటికీ రొట్టెలు అమ్మేది ఆమే. కానీ పోయినేడు సాయంత్రం బస్సు ఎత్తేయాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు, ఆ బస్సు ముఖం ఎరగని వాళ్ళందరికీ ఓటు కవర్లు వచ్చాయి, రోజూ అదెక్కే ఆమెకు మాత్రం రాలేదు. బస్సు ఎత్తేశారు. చలిలో నలభై నిమిషాలు నడిచి ఇల్లు చేరిన మొదటి రాత్రే ఆమె దరఖాస్తు నింపింది. ఇవాళ తప్పితే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

పరీక్షరోజున ఈ ఉతుకుడేమిటి అని అడిగేవాళ్ళు ఆ భవనంలో ఎన్నడూ అద్దెకుండి ఉండరు. పన్నెండు కాపురాలకు యంత్రాల జత ఒక్కటే. ఒక్కో కాపురానికి పదిహేను రోజులకోసారి వంతు. ఆదివారం ఉతికితే పోలీసులు రాకపోయినా పక్కింటివాళ్ళు వస్తారు.

యంత్రం తిరుగుతుండగా ఇదలీనా ఆరబెట్టే యంత్రం తలుపు తీసి చూసింది. లోపలి జల్లెడ నిండా నీలంరంగు నూగు, పసిపిల్లకు కప్పే బొంత మందాన పేరుకుని ఉంది. ముందురోజు వాడినవాళ్ళు శుభ్రం చేయకుండానే పోయారు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ నూగంతా తనే తీసి పారేసి, పైకి వెళ్ళి, మూడు చిత్తుప్రతులు చింపి నాలుగోది తెచ్చి తలుపుకు అంటించింది.

"గౌరవనీయులైన ఇరుగుపొరుగువారికి, ఇంటి నియమావళి పద్నాలుగో నియమం ప్రకారం నూగు జల్లెడను ప్రతిసారీ శుభ్రం చేయవలెను. ఎవరో చేయలేదు. ఎవరో వారికే తెలియును. స్నేహపూర్వక వందనాలతో, ఇదలీనా పింటో, రెండో అంతస్తు, ఎడమ వైపు."

స్నేహపూర్వక వందనాలు అన్నచోట స్నేహం ఉండదని ఆ దేశంలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఉతుకుడు పూర్తయింది. తలుపు తీస్తే బట్టల నిండా తెల్లటి ముద్దలు. ఇదలీనా ఉతికిన ఏప్రాన్ జేబులో చెయ్యి పెడితే కాగితపు గుజ్జు చేతికొచ్చింది. కొండలు, నదులు, భాషలు, వ్యాపారం, ప్రభుత్వం అన్నీ ముప్పై పేజీల్లో కుదించిన 'దేశ పరిచయం' పుస్తకం అందులోనే ఉండాలి. ఇరవై రెండు పేజీలు వచ్చేశాయి. మిగిలిన ప్రభుత్వం సంగతి బట్టలు ఆరేలోపు చదువుదామనుకుంది. ఇప్పుడు ప్రభుత్వం మొత్తం ఆమె మేజోళ్ళకు అంటుకుని ఉంది.

సరిగ్గా అప్పుడే కింది అంతస్తు రోస్‌మరీ మెట్లు దిగి, నోటీసు చదివి, మొహం వెలిగించుకుంది.

"భలే రాశారు ఇదలీనా! ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా. ఇంతకీ నిన్న వంతు ఎవరిది?" అంటూ గోడమీది పట్టికలో వేలు పెట్టి, "అయ్యో, అమ్‌స్టుట్స్ గారిది!" అంది.

"ఇవాళ నన్ను పరీక్షించే పౌరసత్వ సంఘం అమ్‌స్టుట్స్ గారా? వాళ్ళింట్లో ఉతికేది వాళ్ళావిడ వ్రేని గారు కదండీ?"

"ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. జన్మలో మొదటిసారి ఈయనే ఉతికాడు. పాపం, అందులో జల్లెడ ఉంటుందని కూడా తెలిసుండదు."

ఇదలీనా నోటీసు పీకబోయింది. రోస్‌మరీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"తీసేస్తారా? చూడండి, నేను కింద సంతకం పెట్టేశాను!"

"మీరెప్పుడు పెట్టారండీ?"

"నేను చూపించిన పట్టిక మీరు చూస్తుంటే. సంతకం పడ్డాక అది మీ కాగితం కాదు, జనం కాగితం."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ ఇదలీనా కాగితపు ముద్దలు ఏరింది, మళ్ళీ ఉతికింది, ఆరబెట్టింది. ఈలోగా దిగినవాళ్ళందరూ సంతకాలు పెట్టసాగారు. మూడో అంతస్తు ముసలాయన సైకిళ్ళ గురించి ఒక వాక్యం చేర్చాడు. ఇంకెవరో మెట్లమీద చెప్పుల గురించి చేర్చారు. చివర్లో రోస్‌మరీ మళ్ళీ వచ్చి "దీనిపై భవనంలో ఓటింగు జరపవలెను" అని రాసి కింద గీత గీసింది. పదకొండూ యాభై ఎనిమిదికి తొమ్మిది సంతకాలయ్యాయి. పన్నెండు దాటితే మధ్యాహ్న విశ్రాంతి, యంత్రం చప్పుడు చేయకూడదు. ఇదలీనా బట్టలన్నీ చేతుల్లో పోగేసుకుని, బుట్ట అక్కడే వదిలి పైకి పరుగెత్తింది.

ఒంటిగంటన్నరకు దిగి చూస్తే తలుపు మీద నోటీసు లేదు.

ఆఫీసులో బల్లకు అవతల అమ్‌స్టుట్స్ గారు, ఆయన పక్కన రాసుకునే గుమాస్తా మార్గ్రిట్ కూర్చున్నారు. ఆయన స్వెట్టరు నీలంరంగుది. ఇదలీనా దానివంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

పొరుగు దేశాలెన్ని అంటే ఐదు అంది. భాషలు నాలుగంది. గడియారాలు, మందులు, బ్యాంకులు, జున్ను అన్నీ గడగడా చెప్పేసింది.

"బాగుంది. ఇక ప్రభుత్వం. పైన ఎంతమంది ఉంటారు?"

టీవీలో చూసింది గుర్తొచ్చింది. "ఏడుగురండీ. ఏడాదికొకరు అధ్యక్షులవుతారు. మన ఉతుకుగదిలాగే, వంతులవారీగా."

ఉతుకుగది అనగానే ఆమె నాలుక కరుచుకుంది.

"ఈ ఏడు వంతు ఎవరిది?" అన్నారాయన.

ఇదలీనా నేల చూసింది. మార్గ్రిట్ సాయం చేద్దామని ఒక పేరు చెప్పింది.

"ఆయన పోయినేడు కదా?" అన్నారు అమ్‌స్టుట్స్ గారు.

"పోయినేడు ఆవిడండీ."

"ఆవిడ అంతకు ముందేడు."

ఇద్దరూ కాసేపు కిటికీలోంచి చూశారు. "ఈ ప్రశ్న వదిలేద్దాం," అన్నారాయన. "ఏదైనా నియమం జనానికి నచ్చకపోతే ఏం చేయొచ్చు?"

"తెలియదండీ," అంది ఇదలీనా. "ఆ పేజీ... ఉతుకులో పోయింది."

ఆయన ఫైలులోంచి నాలుగు మూలలా జిగురు అంటిన కాగితం తీసి బల్లమీద పెట్టారు.

"మరి ఇదేమిటి?"

బస్సు, చలి, నలభై నిమిషాల నడక ఇదలీనా కళ్ళముందు తిరిగాయి. ఇంకో రెండేళ్ళు అనుకుంది.

"పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నా," అన్నారాయన. "దేశమంతా ఓటింగు పెట్టించాలంటే లక్ష సంతకాలు, పద్దెనిమిది నెలలు అని అప్పజెప్పినవాళ్ళే అందరూ. మూడు గంటల్లో పన్నెండిళ్ళలో తొమ్మిది సంతకాలు తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. రాసుకో మార్గ్రిట్, సరైన జవాబు."

ఇదలీనా ఊపిరి పీల్చుకోబోయింది.

"ఇక రెండో సంగతి." ఆయన జేబులోంచి ఒక కవరు తీసి దులిపారు. కాగితపు తునకలు కలిసిన తెల్లటి నూగు కుప్పగా పడింది. "సిగ్గుపడి, పన్నెండుంబావుకు జల్లెడ తుడుద్దామని దిగాను. చూద్దును కదా, ఇది. ఇదిగో ఇక్కడ రైన్ నది. ఇక్కడ 'ప్రజల హక్కు...' అని సగం ఉంది. ఇది మాత్రం నాది కాదు."

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఇదలీనా బల్లమీద పరుచుకున్న తన నలుపును తెల్లగా చూసింది. "నాదేనండీ," అంది నెమ్మదిగా. "పన్నెండవుతోందని పరుగెత్తాను. ఆ నోటీసులో జల్లెడ తుడవనివాళ్ళ కింద నా పేరూ రాయండి."

అమ్‌స్టుట్స్ గారు మీసం దువ్వుకున్నారు.

"నిన్నటి నూగు నాదని నేను బయటికి ఒప్పుకోలేదు. ఇవాళ మీరు ఒప్పుకున్నారు. మీ నూగు మాట నేనెత్తను, నా నూగు మాట మీరెత్తకండి."

"మరి తొమ్మిదిమంది సంతకాలండీ?"

"ఒక సంఘం వేద్దాం. అది పరిశీలించేసరికి రెండేళ్ళు పడుతుంది." ఆయన ముద్ర తీసి దరఖాస్తు మీద గట్టిగా కొట్టారు. "ఈ దేశం నడిచేది ఇలాగేనండీ. అది ఆ పుస్తకంలో మాత్రం ఉండదు."

ఇదలీనా బయటికొచ్చి మెట్లమీద కూర్చుని హాయిగా ఏడ్చింది.

బుట్ట మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి నాలుగింటికి ఉతుకుగదికి దిగింది. తలుపు మీద కొత్త కాగితం, రోస్‌మరీ చేతిరాత. "ఇకపై నోటీసులు బోర్డు మీదే అంటించవలెను, తలుపు మీద అంటించరాదు. స్నేహపూర్వక వందనాలతో."

ఇదలీనా కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, పెన్ను తీసి, తేదీ వేయలేదని కింద రాసింది.