లిఫ్టు ఆగింది, ఇదిలా ఉండగా

మా కార్యాలయంలో ఇకపై ఏ కాగితమూ కుదుపు లేకుండా సాగాలని పైవారు ఉత్తర్వు జారీ చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఒక వాక్యం నుంచి మరో వాక్యానికి చదువరి హాయిగా జారుకుంటూ వెళ్ళాలే తప్ప, మధ్యలో ఆగి ఆలోచించే దుస్థితి ఎవరికీ రాకూడదని ఆ ఉత్తర్వు సారాంశం. రోడ్లకు ఈ సౌకర్యం ఎలాగూ కల్పించలేకపోయాం, కనీసం కాగితాలకైనా కల్పించాలని పెద్దల తపన.

ఇందుకోసం మూడో అంతస్తులో అనుసంధాన విభాగం వెలిసింది. దానికో అధికారి వచ్చారు. ఆయన గది గోడకు ఆమోదిత పదాల పట్టిక వేలాడుతుంటుంది: మరోవైపు, అంతేకాక, ఏదేమైనప్పటికీ, ఇదిలా ఉండగా. అందులో 'కాబట్టి' కనిపించదు. మొదట్లో ఉండేది. ఎవరో గుమాస్తా "గోడ బీటలు వారింది కాబట్టి బాగుచేయించాలి" అని రాసేసరికి, పాపం, నిజంగానే ఒకరు వెళ్ళి బాగుచేయించాల్సి వచ్చింది. అలాంటి అనర్థం మళ్ళీ జరగకూడదని ఆ మాట మీద నల్లరంగు పూశారు. ఇప్పుడు మేం ఇలా రాస్తున్నాం: "గోడ బీటలు వారింది. ఇదిలా ఉండగా, గోడ పక్కన పూలమొక్కలు కళకళలాడుతున్నాయి." చదివినవాళ్ళ ప్రాణానికి ఎంత హాయో మీరే చెప్పండి.

అలాంటి మంచిరోజుల్లో మా మేనత్త లిఫ్టులో ఇరుక్కుంది.

నేను ఇంట్లో మరిచిపోయిన అన్నం క్యారేజీ ఇచ్చిపోదామని వచ్చింది. నన్ను పెంచి పెద్దచేసిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక లిఫ్టెక్కింది. అది రెండో అంతస్తు దాటి, మూడోది అందుకోకుండా మధ్యలో నిలిచిపోయింది. తలుపు సందులోంచి క్యారేజీ పిడి పట్టుకున్న వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఒరేయ్ చంటీ, ఫ్యాను ఆగిపోయింది. ఊపిరాడట్లేదు. తలుపు తియ్యమనరా!" అని కేకేసింది.

పరుగున లిఫ్టు మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. అతను కింద బల్లమీద కూర్చుని, తాళంచెవి వేలికి తిప్పుకుంటున్నాడు.

"తియ్యడం ఎంతసేపండీ, ఇలా తిప్పితే అలా వచ్చేస్తుంది. కానీ పైనుంచి కాగితం రావాలి. పోయినసారి కాగితం లేకుండా తీశానని మెమో చేతిలో పెట్టారు" అన్నాడు.

సరే, రాశాను. "లిఫ్టు ఆగింది. లోపల మనిషి ఉంది. తలుపు తెరవండి." అది పట్టుకుని అనుసంధానాధికారిగారి ముందు నిలబడ్డాను. ఆయన చదివి, పంటికింద రాయి పడ్డట్టు ముఖం పెట్టారు.

"ఏంటయ్యా ఇది? గతుకుల రోడ్డు మీద సైకిలు తొక్కించినట్టుంది. ఆగింది, ఉంది, తెరవండి. ఎక్కడివక్కడ తెగి పడున్నాయి. లిఫ్టు ఆగడానికీ తలుపు తెరవడానికీ ఏం సంబంధమో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?"

"ఆవిడకి ఊపిరాడట్లేదండీ."

"అదిగో, ఇంకో వాక్యం! దీన్ని దేనికి తగిలించమంటావ్?"

నేను బిక్కుబిక్కుమంటూ "కాబట్టి..." అన్నాను. గదిలో కంప్యూటర్ల టకటకలన్నీ ఆగిపోయాయి. అధికారిగారు లేచి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "నీకింకా చాలా సర్వీసుంది. ఆ మాట నేను వినలేదు" అన్నారు. ఆయన మంచి మనసుకు నా కళ్ళు చెమర్చాయి.

అంతటి మనిషీ స్వయంగా లిఫ్టు దాకా నడిచి వచ్చారు. సందు దగ్గర వంగి, "అమ్మా, కంగారు పడకుండా మీ పరిస్థితి ఓ వరసలో చెప్పండి. ముందుగా, ఆ తర్వాత, చివరగా అని" అన్నారు.

"ముందుగా తలుపు తియ్యి నాయనా. ఆ తర్వాత ఏదడిగినా చెబుతా. చివరగా నీ సంగతి తేలుస్తా!" అంది అత్తయ్య.

"ఎంత చక్కటి అమరిక! పుట్టుకతో రావాలయ్యా ఇలాంటివి" అని మురిసిపోతూ ఆయన గదికి వెళ్ళి కలం పట్టారు. చివరికి తయారైన ప్రతి ఇది:

"లిఫ్టు ప్రస్తుతం విశ్రాంతి తీసుకుంటున్నది. ఇదిలా ఉండగా, అందులో ఒక పెద్దావిడ ఉన్నారు. అంతేకాక, వారి వద్ద భోజనం కూడా ఉన్నది. మరోవైపు, తలుపులు దృఢంగా ఉన్నాయి. ఏదేమైనప్పటికీ, భవనమంతటా ప్రశాంత వాతావరణం నెలకొని ఉన్నది."

మంచినీళ్ళు గొంతు దిగినంత హాయిగా దిగింది. నిజం చెప్పాలంటే మొదట నా గుండె కలుక్కుమంది. ఆ వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. 'మరోవైపు' అనుకున్నాను, కుదుటపడింది. ఈ పదాలు కాగితాలకే కాదు, మనసుకూ పనిచేస్తాయి.

కాగితం మెకానిక్కు చేతిలో పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ. ఇంతకీ ఇందులో నన్నేం చెయ్యమన్నారు?"

ఇద్దరం కలిసి మళ్ళీ వెతికాం. ఏమీ చెయ్యమనలేదు. "హమ్మయ్య" అని అతను తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

తదనంతరం ఆ కాగితం పైకి వెళ్ళింది. పెద్దలు చదివి పరవశించిపోయారు. ఇంత సమస్యాత్మకమైన విషయాన్ని ఇంత నిరపాయంగా రాయవచ్చునని తమకే తెలియదన్నారు. దాని ప్రతులు అన్ని శాఖలకూ వెళ్ళాయి. నీటి శాఖవారు అందులో 'లిఫ్టు' తీసి 'కుళాయి' పెట్టుకున్నారు. ఆస్పత్రివారు 'అంబులెన్సు' పెట్టుకున్నారు. అన్నిచోట్లా చక్కగా అతికింది.

అంతేకాక, కింది హాల్లో అభినందన సభ జరిగింది. అధికారిగారి మెడలో నీలం రిబ్బనుతో పతకం వేశారు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చి, లిఫ్టుతో పనిలేని ఒకటో అంతస్తుకు మార్చారు. అధికారిగారు మైకు సవరించుకుని, "మిత్రులారా! నదుల మీద కట్టిన వంతెనలు మనం చూస్తుండగానే కూలిపోయాయి. వాక్యాల మధ్య నేను కట్టిన వంతెన ఒక్కటైనా కూలిందా? కూలదు! ఎందుకంటే వాటిమీద ఎవరూ నడవరు, జారుకుంటూ పోతారంతే!" అన్నారు. హాలు దద్దరిల్లింది. నేనూ అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను.

మీరు కూడా ఇక్కడిదాకా వచ్చేశారు. పతకం చూశారు, ఉపన్యాసం విన్నారు, బహుశా నవ్వుకున్నారు కూడా. ఎక్కడా కాలికి ఏమీ తగల్లేదు కదా? సభలోకి అడుగుపెట్టేటప్పుడు ఒక్కరైనా వెనక్కి తిరిగి, ఆ పెద్దావిడ బయటికొచ్చిందా అని అడుగుతారేమోనని నేను కొంచెం భయపడ్డాను. ఎవరూ అడగలేదు. మీ తప్పేం లేదులెండి, రాత అంత సాఫీగా ఉంది.

ఇదిలా ఉండగా, లిఫ్టులోంచి "ఒరేయ్ చంటీ, అన్నం చల్లారిపోయిందిరా. ఏమన్నా తిన్నావా?" అని ఇంకా వినిపిస్తూనే ఉంది.