కోరింత దగ్గుకు పుట్టిల్లు వెతికిన సారు

ఆస్పత్రిలో అంటుకునే కోరింత దగ్గును తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. ఇంతటి సమానత్వం ఇంకెక్కడ దొరుకుతుంది? జనరల్ వార్డు, ఏసీ రూమ్ అని చూడదు. కార్డు అడగదు. కాలు విరిగి వచ్చినవాడికి కూడా టోకెన్ లేకుండా, ఉచితంగా ఇచ్చి పంపుతుంది. షుగర్ ఫ్యాక్టరీ మూతబడ్డాక మా బోధన్‌లో ఏదీ ఇంత జోరుగా నడవలేదు!

పైగా పెద్దమనుషులకు పని కల్పిస్తుంది. మోస్రా ఊరి నిరోషకు బోధన్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి పోయిన రెండో వారానికే పాప దగ్గి దగ్గి నీలంగా మారుతుంటే మళ్లీ అక్కడికే తెచ్చారు. కోరింత దగ్గు అన్నారు. అది ఎవరి నుంచి వచ్చిందో తేల్చడానికి ఆస్పత్రి ఇన్‌ఛార్జి మధుకర్ సారు నడుం కట్టాడు. దగ్గుకుంటూనే మంచం మంచం తిరిగాడు. ఎంత కష్టజీవి!

మొదట దొరికింది నిరోష అత్త ఈరవ్వ.

"అవ్వా, నీకు దగ్గున్నదా?"

"బీడీలు చేసేటోళ్లకు దగ్గుండదా సారూ? గది తంబాకు దగ్గు. రోగం గాదు."

సారుకు ప్రాణం లేచి వచ్చింది. పాపను చూసి, ఎత్తుకొని, ముద్దు పెట్టిపోయిన ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే. ఎవరిని అడిగినా తంబాకే. ఇక టెస్టు దేనికి? ఒక్కరికీ చేయకుండానే, పాపకు దగ్గు ఈ బీడీలవాళ్ల నుంచే వచ్చిందని తేల్చేశాడు. పసిపాప ఎన్ని బీడీలు చుట్టిందని మాత్రం నన్ను అడగకండి.

నిరోష ఊరుకోలేదు.

"పుట్టిన్నాడు బిడ్డకు చుక్కల మందు ఏసింది మీరే గద సార్. గప్పుడు గూడ గిట్లనే దగ్గుతుంటిరి."

సారు గాలిలోకి రెండుసార్లు దగ్గి ఓపికగా చెప్పాడు. "నాది డస్ట్ అలర్జీ అమ్మా. స్టాఫ్‌ను అడుగరు. బయటికెల్లి వచ్చేటోళ్లనే అడుగుతం."

సాయంత్రానికి పాపకు ఊపిరి అందడం లేదు. నిజామాబాద్ తీసుకుపొమ్మన్నారు. దారిలో ఆక్సిజన్ చూసుకోవడానికి మనిషి ఉండాలి కదా? సారే అంబులెన్స్ ఎక్కి పాప తల దగ్గర కూర్చున్నాడు. జేబులోంచి కొత్త మాస్కు తీశాడు.

దాన్ని నిరోషకు ఇచ్చాడు.

"పెట్టుకో అమ్మా. మీ అసొంటోళ్లతోనే పిల్లలకు అంటుకుంటది."